బట్టలకు పట్టిన వాసన

బతికున్న కణాల్లో థయాల్స్ అనే గంధక పదార్థాలు తగిలితే ఆకుపచ్చగా వెలిగే రంగు తయారుచేయడం నా పరిశోధన. ఆ వెలుగు మైక్రోస్కోపు దాటి రాదు. పరీక్షకి వాడే థయాల్‌కున్న కుళ్లిన కోడిగుడ్ల కంపు మాత్రం నా బట్టలతోపాటు బస్సెక్కుతుంది. అందుకే నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.

ఒక సాయంత్రం బస్సు మా యూనివర్సిటీ క్యాంపస్ దాటాక తార్నాకలో ఒక పెద్దామె ఎక్కి, నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"లాబ్ వాసనమ్మా, సారీ," అన్నాను.

"ఎరుకే బిడ్డా. మా ఆయన గీ క్యాంపస్‌లనే లాబ్ సీసాలు కడిగేటోడు. అంగీ బయటనే ఇప్పి రమ్మని రోజూ లొల్లి పెడుతుంటి."

"రిటైరయ్యారా?"

"పోయిండు. గీ వాసన ఒక్క అంగీకన్నా ఉంటదేమోనని బీరువా అంతా దేవులాడిన. అన్నీ నేనే మంచిగ ఉతికి పెట్టిన."

లాలాగూడలో దిగేదాకా ఆమె నా చున్నీ అంచు వదల్లేదు.

మళ్లీ కనిపించలేదు. నిన్న జలుబుతో ముక్కు మూసుకుపోయిన ఒకావిడ ఆ సీట్లో కూర్చోబోయింది.

"మనిషున్నారండీ," అనేశాను.