వెదర్‌బీటెన్ తలుపు

ఈ పోస్టు చదవబోయే మీకు, ఇంగ్లీషు భాషకి, సమస్త టేకు చెట్లకి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. పొరపాటున ఎవరికైనా జ్ఞానం కలిగితే బాధ్యత నాది కాదు.

మా చిన్నప్పుడు... మడివాళ మార్కెట్ వెనకాల మా నాయనకి పాత తలుపుల అంగడి ఉండేది. పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలు, గడపలు కొనుక్కొచ్చి అమ్మేవాడు. ఆయనకో నియమం... చిత్రిక పట్టకుండా, వార్నిష్ కొట్టకుండా ఒక్క తలుపూ అంగడి దాటకూడదు. "పెండ్లికూతుర్ని మొగం కడగకుండా పంపుతామా అప్పా?" అనేవాడు.

ఒక శనివారం కారులోంచి ఒకావిడ దిగింది. ఆనేకల్ పక్కన రిసార్ట్ కడుతోందట... పన్నెండు తలుపులు కావాలి. ముందు ఒకటి తీసుకెళ్తుంది, నచ్చితే మిగతావీ మా దగ్గరే. నాయనకి అంత పెద్ద బేరం తగలడం అదే మొదలు. ఆవిడకి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు, నాయనకి ఇంగ్లీషొక్కటే రాదు. దుబాసీ నేను... ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం.

మూలనున్న తలుపు దగ్గర ఆవిడ ఆగింది. రంగు పెచ్చులూడి, కొయ్య బూడిదరంగుకి తిరిగి, నెర్రెలు విచ్చి ఉంది. చేత్తో నిమిరి, "వెదర్‌బీటెన్!" అంది.

"ఏమంటాండాది రా ఆయమ్మ?"

"ఎండకి, వానకి, గాలికి దెబ్బ తినిందంట నాయనా."

అర్థం నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఆ నెలలోనే క్లాసులో చెప్పారు... పాత పడవకి, ముసలి జాలరి ముఖానికి వాడాలని. ముచ్చటపడి కూడా వాడతారని మాత్రం చెప్పలేదు.

నాయన ముఖం మాడిపోయింది. "దెబ్బ తినిందంటనా? సోమవారం రమ్మను. అద్దం మాదిరి చేసి పెడతా."

"మండే, మేడమ్" అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది.

ఆదివారమంతా చిత్రిక, గరుకు కాగితం, ఆపైన మూడు పూతల వార్నిష్... సాయంత్రానికి తలుపులో ఎదురంగడి బోర్డు కనిపించింది.

సోమవారం ఆవిడ వచ్చింది. అంగడంతా కలియజూసి, "వేర్ ఈజ్ మై డోర్?" అంది.

నాయన తలుపు మీద తట్టి, గర్వంగా, "ఇదే మేడమ్" అన్నాడు.

ఆవిడ ఆ మెరుపులో తన ముఖం చూసుకుంది. థాంక్స్ చెప్పి కారెక్కింది. పన్నెండు తలుపుల బేరం ఆ కారులోనే పోయింది. నాయన మాత్రం వారం దాకా ఆ తలుపుని వంగి వంగి చూశాడు... "యాడ తప్పు పోయింద్రా?" అని.

ఇప్పుడు కాలం మారింది... నాయన కొత్త కొయ్య తెప్పించి, ఇనుప గొలుసుతో కొట్టి, పాతది చేసి అమ్ముతున్నాడు. వాన కోసం ఆగే ఓపిక ఎవరికీ లేదు. మీ ఇంట్లో సొంతంగా ముసలిదైన తలుపు ఏదైనా ఉంటే ఫోటో పెట్టండి... కళ్లారా చూస్తాం.

చివరిగా ఒక్క మాట. ఆ శనివారం కారెక్కేముందు ఆవిడ నాతో "డోంట్ టచ్ ఇట్, ప్లీజ్" అని రెండుసార్లు చెప్పింది. నాకు బాగానే అర్థమైంది. కానీ ఎప్పుడూ నన్ను చిత్రిక ముట్టనివ్వని నాయన అప్పటికే, "రేపు చిత్రిక నీ చేతికిస్తా రా" అనేశాడు... అందుకే ఆ ఒక్క మాటా నేను తెలుగులోకి మార్చలేదు.