ఎనభై డిగ్రీల మేకు

మా చిన్నాయన ఎల్లప్ప మోటార్ల మెకానిక్కు. హిందూపురం నుంచి పెనుకొండ దాకా ఏ బావి మీద మోటారు మొరాయించినా ఆయనకే కబురొచ్చేది. ఆ పేరు ఆయన తలకు బాగా ఎక్కిందని నేను ఇప్పటికీ అంటాను.

పంతొమ్మిదొందల అరవైలో మా ఊరికి కరెంటొచ్చింది. ఆ చలికాలమే మా ఇంటి పట్టుపురుగుల గదికి ఆయన సొంతంగా హీటరు చేశాడు. పెంకు ముక్కల మీద తీగ చుట్టి, కిరసనాయిలు డబ్బాలో బిగించాడు. గది ఎనభై ఫారన్‌హీట్ డిగ్రీలుండాలని ఎవరో చెప్తే థర్మామీటరూ కొనుక్కొచ్చాడు. స్నానం చేసి ఉతికిన బట్ట కట్టనిదే పురుగుల గదిలో అడుగు పెట్టకూడదు కదా. ఈయనకు పొద్దస్తమానం చేతులకు గ్రీజు. అందుకని గడప అవతల నిలబడే చూసుకునేట్టు, తలుపు పక్క మేకుకు థర్మామీటరు తగిలించాడు. ప్లగ్గు కూడా అక్కడే ఉండడంతో హీటరునూ దాని కిందే పెట్టాడు.

ఆ ఏడు పురుగులు సగానికి సగం చచ్చాయి. మరుసటేడూ అంతే. థర్మామీటరు మాత్రం ఎప్పుడు చూసినా ఎనభై.

"గది సరిగ్గానే ఉండాది. ఆకేసే చెయ్యే మంచిది కాదు" అని తేల్చేసింది మా అవ్వ గోవిందమ్మ. ఆ చెయ్యి మా చిన్నమ్మ కుళ్ళాయమ్మది. రాబోయే మూడో పంట కూడా పోతే ఆమెను ఆ గది గడప తొక్కనివ్వనంది. ఆ మాట వీధిలో అందరికీ తెలిసింది. పేరంటానికి పిలిచేవాళ్ళు కూడా తగ్గారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడో చలికాలం, పురుగులు మళ్ళీ ఆకు ముట్టడం మానేశాయి.

"పురుగుల తట్టలు చల్లగా ఉండాయి" అంది చిన్నమ్మ.

"నీ చేతికేం తెలుస్తాది? ఎనభై చూపిస్తాండాది కదా!" అన్నాడు చిన్నాయన.

అయినా అనుమానమొచ్చి, పెనుకొండ బళ్ళో సైన్సు అయ్యవారిని బతిమాలి ఇంకో థర్మామీటరు తెచ్చాడు. తెచ్చిన మహానుభావుడు దాన్నీ అదే మేకుకు తగిలించాడు. అదీ ఎనభై. "రెండూ ఒకటే చెప్తాండాయి చూడు!" అని గడప అవతలి నుంచే గెలిచినట్టు అరిచాడు.

మరునాడు తెల్లవారుజామున చిన్నమ్మ ఒక థర్మామీటరు తీసి, మూల తట్టలో పెట్టి, కాసేపాగి చూసింది. అరవై ఎనిమిది.

"చెడిపోయుంటాది" అన్నాడాయన.

"స్నానం చేసి నువ్వే లోపలికి రా. వచ్చి చూసి, అప్పుడు మాట్లాడు."

ఆ చలిలో చన్నీళ్ళు గుమ్మరించుకుని, మూడేళ్ళలో మొదటిసారి ఆయన ఆ గదిలోకి పోయాడు. మూల తట్ట దగ్గర అరవై ఎనిమిది, నడిమి తట్ట దగ్గర డెబ్బై. మేకు దగ్గరికి తెస్తే పాదరసం ఎనభైకి పాకింది. హీటరుకూ థర్మామీటరుకూ మధ్య ఒక అట్ట అడ్డం పెట్టాడు. పాదరసం దిగసాగింది. ఇన్నాళ్ళూ తాను చూసింది గది వేడి కాదు, హీటరు సెగ.

ఆ పూటే హీటరును గది మధ్యకు జరిపి, సెగ నేరుగా తగలకుండా చుట్టూ రేకు కట్టాడు. థర్మామీటరును నడిమి తట్టల వరసకు కట్టి, రోజూ స్నానం చేసి లోపలికి వెళ్ళి చూశాడు. మూడోరోజుకు పురుగులు ఆకు మీద పడ్డాయి. ఆ మేసే చప్పుడు గడప దాకా వినిపించింది.

గడప దగ్గర అవ్వ నిలబడి ఉంది. చిన్నాయన తడి తలతోనే వచ్చి, వీధిలోకి వినపడేట్టు చెప్పాడు. "అమ్మా, రెండు పంటలు చంపింది నేను. దాని చెయ్యి కాదు. స్నానానికి బద్ధకించి, సెగలో మేకు కొట్టి, థర్మామీటరును అబద్ధాలకోరును చేసినా."

అవ్వ ఆకుల గంప ఎత్తి చిన్నమ్మ చేతుల్లో పెట్టింది. "నువ్వే వెయ్యి తల్లీ."

చిన్నమ్మ గంప తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఎంతసేపైనా బయటికి రాలేదు. ఆకు వెయ్యడానికి అంతసేపు పట్టదని మాకందరికీ తెలుసు. ఎవరమూ తలుపు తట్టలేదు.