గజానికొక గుంట

ఫోను రెండెకరాల మూడు గుంటలు అన్నది. నా తాడు అంతకుముందు వారమే రెండెకరాల పన్నెండు గుంటలు అన్నది. తొమ్మిది గుంటల తేడా. ఆ చేలో నిలబడ్డవాళ్లలో ఈ సంగతి పట్టింది నాకొక్కడికే. అందుకే ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. ఉపాధి పనిలో మేటుగా గుంతల పొడవు, వెడల్పు, లోతు రాసీ రాసీ లెక్క నేర్చుకున్నాను. గజానికొక ముడి వేసిన తాడు ఒకటి చేసుకొని, ఎవరు పిలిచినా వెళ్లి చేను కొలిచిపెట్టేవాణ్ని. నాకు సొంత భూమి లేదు. మా వాడలో చాలామందికి లేదు.

దేవరకొండ దాటాక గుట్టలు మొదలయ్యే చోట మా పంచాయతీ. గుట్ట కింద లంబాడీల తండా. అక్కడ భర్త పోయిన ఒక పెద్దామె ఉండేది. ఆమె నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ని. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె దున్నుకుంటున్న చేను కాగితాల్లో మాత్రం అడవి.

అట్లా అడవి భూమిని ఎన్నో ఏళ్లుగా సాగుచేసుకుంటున్న గిరిజనులకు హక్కు పత్రం ఇవ్వాలని చట్టం ఉంది. ఆ భూమిని అమ్ముకోవడానికి వీల్లేదు, బిడ్డలకు మాత్రం వస్తుంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా వైపు దరఖాస్తులు తీసుకొని కొలతలు మొదలుపెట్టారు. చేను గలవాళ్లు హద్దు వెంట ముందు నడవాలి. పంచాయతీ కార్యదర్శి ఫోను పట్టుకొని వాళ్ల వెనకే నడవాలి. మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి ఫోను విస్తీర్ణం చూపిస్తుంది. అది ఎంత చూపిస్తే పత్రంలో అంతే పడుతుంది.

ఆమె చేను కొలిచిన రోజు, తేడా ఉందని నేను చెప్పగానే హక్కుల కమిటీలో ఉన్న తండా పెద్దమనిషి నవ్వాడు.

"ఫోనుకు మొగులు మీది నుంచి కనవడ్తది మేటూ. నీ తాడుకేం కనవడ్తది, ముడులా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నోటుబుక్కు తీసి మళ్లీ గుణించాను. పొడవు నూట ఇరవై ఒక్క గజాలు, వెడల్పు తొంభై రెండు. గుంటకు నూట ఇరవై ఒక్క చదరపు గజాలు. అంటే తొంభై రెండు గుంటలు, రెండెకరాల పన్నెండు. తప్పు లేదు.

ముందురోజు జల్లు పడింది. చేను దున్ని ఉంది, ఇంకా విత్తలేదు. మూడు వైపులా ఆమె అడుగులు గట్టును ఆనుకొనే ఉన్నాయి. నాలుగోది అడవి వైపు. అక్కడ హద్దుగా కందకం ఉంది. ఆ వైపు ఆమె అడుగులు కందకం దగ్గర లేవు, చేను లోపలికి ఉన్నాయి. తాడు పరిచి చూశాను. ఒక చివర ఎనిమిది ముడులు, నడుమ తొమ్మిది, ఇంకో చివర పది. ఆ వైపు పొడవు నూట ఇరవై ఒక్క గజాలు కాబట్టి ఆమె లోపలికి జరిగిన ప్రతి గజానికి ఒక గుంట పోయింది.

ఆ చేలో మంచి మన్ను ఉన్నదే ఆ పక్క. గుట్ట మీది ఒండ్రు వచ్చి అక్కడే ఆగుతుంది. తిండికి వేసుకునే జొన్నలు ఆమె అక్కడే వేసేది. పత్రంలో ఆ ముక్క రాకపోతే అది శాశ్వతంగా అడవి కిందికే పోతుంది.

కందకం పొంటి ఎందుకు నడవలేదని పక్కకు పిలిచి అడిగాను.

"సారు ఆడ నిలవడె గద తమ్మీ," అన్నది ఆమె. "ఆయన ఉన్న కాడికి నేనెట్ల పోత?"

అప్పుడు చూశాను. ఖాకీ బట్టల్లో అటవీ శాఖ బీటు అధికారి కందకం గట్టు మీద సరిగ్గా నడుమ నిలబడి ఉన్నాడు. కొత్తగా వచ్చిన కుర్రవాడు, ఆమెను ఒక్క మాట అన్నది లేదు. కానీ ఆయనకు ముందు వచ్చినవాళ్లు ఒక ఏడు ఆమె నాగలి పట్టుకుపోయారు. ఇంకో ఏడు మొలిచిన జొన్నలో గుంతలు తీసి మొక్కలు నాటారు. ఖాకీ కనిపిస్తే పది గజాలు లోపలికి జరగడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. సొంత హద్దు చూపించే రోజున కూడా కాళ్లు అదే పని చేశాయి.

ఆయన్ను పక్కకు జరగమని అడగడానికి నాకూ భయమే అయింది. నోటుబుక్కు చూపించి, లెక్క చెప్పి, అడుగులు చూపించాను. కసురుతాడేమో అనుకున్నాను. ఆయన కాసేపు ఆ అడుగుల వైపు చూశాడు. తర్వాత గట్టు దిగి, చేను అవతలి మూలకు పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అక్కణ్నుంచే ఒక మాట అన్నాడు.

"అవ్వా, నన్ను జూడకు. నీ గట్టు జూస్కుంట నడువు."

కార్యదర్శి ఫోనులో పాత కొలత తీసేసింది. ఆమె మళ్లీ మొదటి నుంచి నడిచింది. కందకం వైపు తిరిగినప్పుడు ఒకసారి ఆగి నన్ను చూసింది. నేను తల ఊపాను. కొంగు నడుముకు దోపుకొని, గట్టు మీదే చివరిదాకా నడిచింది. ఫోను రెండెకరాల పదకొండు గుంటలు చూపించింది.

గ్రామసభలో ఆ అంకెకే ఒప్పుకోలు రాశారు. చాలా నెలలకు పత్రం వచ్చింది. ఆమె దాన్ని పాలిథిన్ కవరులో పెట్టుకొని మా ఇంటికి తెచ్చి, అంకె ఒక్కటే చదవమన్నది. చదివాను. పన్నెండు అంటివి గదా, ఆ ఒక్క గుంట ఏడ వోయిందని అడిగింది. ఫోనుకు, తాడుకు ఆమాత్రం తేడా ఉంటదని చెప్పాను. ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ నా తాడు ఇంకోసారి తెమ్మన్నది.

మొన్న వానాకాలంలో అటు పోయాను. జొన్న మోకాలెత్తు ఉంది. ఆమె కందకం గట్టు మీద నిలబడి, అవతల ఉన్న అదే బీటు అధికారితో పందులు పడి పైరు తొక్కుతున్నాయని గట్టిగా చెబుతోంది. నేను అలవాటు కొద్దీ కంటితో కొలిచాను. ఆమె పాదానికీ కందకం అంచుకూ నడుమ జానెడు కూడా లేదు.