నిప్పుల ఏనుగులు, కంబళ్ల గూఢచారి

2023, వానాకాలం. చిక్కడపల్లిలో మేడ మీద ఓ చిన్న ప్రచురణ సంస్థలో ఎడిటర్‌ని. అచ్చుతప్పులు చూసేది ప్రూఫ్ రీడర్. నాది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్, అంటే కథ ఎక్కడ కుంటుతోందో పట్టుకుని రచయితతో కూర్చుని సరిచేయించడం. ఎన్నో రాతప్రతులు చూశాను గానీ స్రవంతి నవల తలుచుకుంటే ఇప్పటికీ హుషారొస్తుంది.

స్రవంతిది జనగామ దగ్గర పల్లె. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతూ ఫాంటసీ నవల రాసింది. నిప్పులు కక్కే ఏనుగుల సైన్యమున్న మహాసామ్రాజ్యం, దానికి ఎదురుతిరిగిన చిన్న కొండరాజ్యం. యుద్ధాలు అదరగొట్టింది. చిక్కల్లా గెలుపు దగ్గరే. కొండరాజ్యం గూఢచారి తెర వెనక నిలబడగానే, సామ్రాజ్యపు సేనాపతి దాడి పథకమంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పేస్తాడు. మా ఓనరు గారు చదివి, గెలుపు ఇంత తేలికా అని తిప్పి పంపెయ్యమన్నారు. ఆ మాట చెప్పడానికే ఆమెను పిలిపించాను.

కూర్చోబెట్టి ఫ్లాస్కులో చాయ్ పోసిచ్చాను. ఆమె ముట్టుకోలేదు.

"సార్, పుస్తకం వద్దంటున్నరు గదా?"

నేనింకా నోరే విప్పలేదు. "ఎవరు చెప్పిన్రమ్మా?"

"ఎవరు చెప్పలే. మొన్న కింద చాయ్ బండి అన్నను మాటల్ల పెట్టిన. పుస్తకం ఖాయమైతే మీరు రాసినోళ్లను కిందికి తోల్కొచ్చి చాయ్ తాపిస్తరంట. నాకేమో పైననే పోసిన్రు." సంచి ఒళ్లోకి లాక్కుంది. "పుస్తకం వస్తే ఇంకో ఏడాది ఈడనే ఉంటనని బాపును ఒప్పించిన. లేకుంటే రేపు రూము ఖాళీ చేసి పోవాలె."

అది మా ఆఫీసు అలవాటే. బయటివాళ్లు కనిపెట్టగలరని మాకెప్పుడూ తట్టలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"మా ఓనరు మనసులో మాట పట్టినవ్. ఏ తెర వెనక నిలబడ్డవ్? మరి నీ గూఢచారికి ఆ తెర ఎందుకు?"

ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏనుగులకు కంబళ్లు నేసేటోళ్ల దగ్గర పనికి పెడత సార్. ఎండకాలంల కంబళ్లు అడిగిన్రంటే కొండల నడుమ మంచు కనుమ దారిల దాడికి వస్తున్నట్టే."

"వస్తే? మీకాడ అంత సైన్యం లేదు గదా."

"సైన్యంతోని పనేంది సార్? కనుమల గడ్డి మొత్తం ముందే కోసి దాస్తం. గంత పెద్ద ఏనుగులు తిండి లేక ఎన్ని దినాలు నిలుస్తయి?"

నాకు కేకెయ్యాలనిపించింది. సైన్యం ఎంత పెద్దదైతే దాని ఆకలి అంత పెద్దది. దాన్ని ఏ సేనాపతీ దాచలేడు. నా బల్ల మీదే రాయమన్నాను. సాయంత్రానికి అధ్యాయం తయారైంది. ఓనరు గారు నిలబడే చదివారు.

"ఒక్క బాణం పడకుండ ఎనక్కి పోతయా?"

"పోతయి సార్," అంది, తడుముకోకుండా.

"అయితే వేద్దాం."

ఆమె అక్కడే ఫోన్ చేసింది. "బాపూ, రేపు వస్తలేను," అని ఏడ్చేసింది. నా కళ్లూ తడిశాయి, చెప్పడానికి సిగ్గేం లేదు.

అప్పటినుంచి ఏ కథ కుంటినా ముందు రచయితనే అడుగుతున్నాను: ఈ సంగతి నువ్వే తెలుసుకోవాల్సి వస్తే ఎట్లా తెలుసుకుంటావు? చాలాసార్లు వాళ్లు చెప్పే జవాబు, వాళ్లు రాసుకొచ్చిన కథకంటే బాగుంటుంది.