ఢిల్లీ ఒప్పుకుంది, వదినె ఒప్పుకోలేదు

మా బాపు లింగమూర్తికి చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి. నలుగురు కూర్చున్న చోట తాను లేచి మాట్లాడాలి. జమ్మికుంట పక్కనున్న మా ఊళ్లో ఆ నలుగురికి ఎప్పుడూ కరువు లేదు. అందుకే యాభై ఏడు ఎన్నికలొచ్చినప్పుడు మా పార్లమెంటు మెంబరు తరఫున ఊరూరా తిరిగి చెప్పే పని ఆయనకే పడింది. కానీ నేను చెప్పేది ఆయన కథ కాదు. ఆయన మాటలు నిజమని నమ్మిన ఒకే ఒక్క మనిషి, ఆయన చెల్లెలు, మా మేనత్త బుచ్చవ్వ కథ.

మేనత్తను వాగు అవతలి ఊరికి ఇచ్చారు. మామ పోశం నోట్లో నాలుక లేని మనిషి. సొంత భూమి లేక ఇంకొకరి మెట్ట చెలక పాలుకు దున్నేవాడు. మూడేళ్లకోసారి బాపు ఆమెను పిలిచి ఒడిబియ్యం పోయించేవాడు. పసుపు కలిపిన బియ్యం కొంగులో పోసి, కొత్త చీర పెట్టి సాగనంపడం. పుట్టింట్లో ఆడపిల్లకున్న హక్కు అక్కడితో సరి. మా తాత రాజం చెమటోడ్చి కొన్న నాలుగెకరాలు బాపు దున్నుకుంటున్నాడు. అందులో రెండెకరాలు బావి దగ్గరివి, మిగతాది చెరువు కింది మడి. తాత ఆ ఎన్నికలకు ముందటేడు వానాకాలంలో పోయాడు.

ఎన్నికల సభలకు ఆడవాళ్లు వచ్చేవాళ్లు కాదు. వాళ్ల ఓట్లు మాత్రం కావాలి. లింగమూర్తి చెల్లెలే వచ్చి కూర్చుంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారని బాపు ఎత్తు వేశాడు. గజ్జెల ఎడ్లు కట్టి బండి పంపి మేనత్తను పిలిపించి, ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. ఆ గొయ్యికి మైకు కూడా పెట్టించుకున్నాడు మహానుభావుడు!

"అక్కల్లారా, చెల్లెల్లారా! చట్టమంటే ఊకెనే అయితదా? ముందు ఒక సభల పెడుతరు. మూడుసార్లు సదువుతరు. ఒక్కొక్క మాట మీద కొట్లాడుతరు. ఆడ గట్టెక్కితే రెండో సభకు పోతది. గా సభ గూడ సై అంటే రాష్ట్రపతి దస్కతు వెడుతడు. తండ్రి పోయినంక ఆయన ఆస్తిల బిడ్డకు గూడ కొడుకుతోని సమానంగ పాలు ఇయ్యాలెనని పోయినేడు చట్టం జేసిండ్రు. మన సారు గా సభల సై అన్నడు. ఆయన నోరే మనందరి నోరు!"

ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. మేనత్త నవ్వలేదు. ఆమె వింటున్నది.

సభ అయ్యాక మా ఇంట్లో బాపుకూ ఆమెకూ అన్నం పెట్టారు.

"అన్నా, గా చట్టం మన ఊరికి గూడ వస్తదా?" అని అడిగింది మేనత్త.

"మన ఊరికేంది, దేశమంతటికి వస్తది!" బాపు ఇంకా మైకు దిగలేదు.

"అయితే నాకు బాయికాడి రెండెకరాలు ఇయ్యి."

బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. వంటింట్లోంచి మా అవ్వ గరిటె పట్టుకుని వచ్చింది. "ఓట్లకని చెప్పిన ముచ్చట పట్టుకొని ఇల్లు ముంచుతవా? ఆడిబిడ్డవు, చీరె అడుగు, సారె అడుగు. భూమి అడుగుడేంది?" అన్నది. నా కన్నతల్లే కానీ, ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడదు.

పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి అంతయ్య గొంతు సవరించుకుని, "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఢిల్లీల జేసిన చట్టం ఢిల్లీల నడుస్తది. ఈడ పెద్దలు చెప్పింది నడుస్తది. భూమి దీసుకుంటివా, నీకు ఒడిబియ్యం లేదు, అవ్వగారిల్లు లేదు. ఏది గావాల్నో చెప్పు" అన్నాడు.

మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీరు మూడేండ్లకోసారి పోసే బియ్యం నా పిల్లలు మూడు దినాలు దింటరు. నడిమిట్ల ఏం దినాలె పెద్దయ్యా? నాకు భూమే గావాలె" అన్నది. పంచాయితీ లేచిపోయింది. మా ఇంటి తలుపు ఆమెకు మూసుకుపోయింది.

ఎన్నికలో మా మెంబరే గెలిచాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. బాపు ముందుగా రచ్చ గెలిచి, ఆ సంబురానికి మెంబరును ఇంటికి భోజనానికి పిలిచాడు. రెండు కోళ్లు తెగాయి. సారు తినడానికి కూర్చోగానే మేనత్త వాకిట్లోకి వచ్చింది. మూసిన తలుపు ఆ రోజు సారు కోసం తెరిచే ఉంది మరి!

"దండం సారూ. నేను లింగమూర్తి చెల్లెను. రెండు సభలు ఒప్పుకున్నయట, రాష్ట్రపతి ఒప్పుకున్నడట. గంత పెద్ద ఢిల్లీ ఒప్పుకున్నది గని మా వదినె ఒప్పుకుంటలేదు. మీరు ఆడ అన్న సై, ఈడ మా అన్న ముంగట ఒక్కసారి అనుండ్రి" అన్నది.

సారు నోట్లో కోడికాలు ఉంది. దాన్ని నిదానంగా నమిలి, మా అవ్వ వైపు, ఆమె చేతిలోని గరిటె వైపు చూశాడు. "చట్టం జేసుడు మా పని తల్లీ. దాని మీద తీర్పు చెప్పుడు కోర్టు పని. ఇండ్లల్ల పంచాయితీలకు మేము రావద్దు" అన్నాడు. తప్పేముంది? అక్షరాలా ధర్మం! ఆ ధర్మం చెప్పినందుకు మా అవ్వ ఆయనకు ఇంకో ముక్క వేసింది.

"అయితే కోర్టుకే పోత" అన్నది మేనత్త.

పోయింది. మామ పోశం అప్పటిదాకా ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు. ఆ రోజు మాత్రం "నేను గూడ వస్త పా" అన్నాడట. కరీంనగర్ కోర్టులో వాయిదాలు ఏళ్ల తరబడి సాగాయి. ఈలోగా నాకు పెళ్లయింది. నా పెళ్లికి మా మేనత్తను పిలవలేదు. ఆమె మా ఊరి పొలిమేర దాకా వచ్చి, డప్పుల చప్పుడు విని వెనక్కి పోయిందని అప్పగింతల వేళ ఎవరో చెప్పారు. పెళ్లి చీరలో కూర్చుని ఎంత ఏడ్చానో! పుట్టిల్లు వదిలిపోతున్నందుకు ఏడుస్తున్నానని అందరూ నన్ను ఓదార్చారు.

చివరికి తీర్పు వచ్చింది. బాయికాడి రెండెకరాలు మేనత్తవి. బాపు కోర్టు అమీను వచ్చి నిలబడేదాకా నాగలి వదల్లేదు.

అరవై ఏడులో మళ్లీ ఎన్నికలు. నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. తమ్ముడు వెంకటితో కలిసి సభకు వెళ్లాను. మైకు ముందు ఎవరనుకున్నారు? మా బాపే! జుట్టు నెరిసింది కానీ గొంతు నెరవలేదు.

"చట్టం చేసి ఊకున్నమా? నా ఇంట్లనే అమలు జేసిన! నా చెల్లె బుచ్చవ్వకు బాయికాడి రెండెకరాలు నా చేతులతోని ఇచ్చిన! అడుగుండ్రి, గిక్కడనే ఉన్నది!"

చప్పట్లు మోగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న మేనత్త మెల్లగా లేచి, మైకు దగ్గరికి పోయింది. బాపు ముఖంలో రంగు మారింది, కానీ అంతమంది ముందు వద్దనలేక పక్కకు జరిగాడు.

"మా అన్న ఇచ్చింది నిజమే" అన్నది మేనత్త. "ఏడేండ్లు కోర్టుల కొట్లాడితే ఇచ్చిండు. ఆయన మంచోడు గాబట్టి ఏడేండ్లకే ఇచ్చిండు. మీ అన్నదమ్ములు ఎసుంటోళ్లో మీకే ఎరుక. మీరు ఇయ్యాల్నే మొదలువెట్టుండ్రి."

మగవాళ్ల వైపు ఒక్క చప్పట లేదు. మొట్టమొదట లేచి వెళ్లిపోయినవాడు మా వెంకటి. వాడి వెనక మిగతా అన్నదమ్ములంతా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు. మైదానంలో ఆడవాళ్లు మాత్రం మిగిలారు. ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థి ఎవరికి దండం పెట్టాలో తెలియక మా మేనత్తకే పెట్టాడు.

నేను ఇంటికి వచ్చేసరికి వెంకటి గడపలోనే నిలబడి ఉన్నాడు. ఏనాడూ నాకు నూలు రవిక కూడా కొననివాడు, "అక్కా, ఈ పండుగకు నీకు పట్టుచీరె తెస్త" అన్నాడు.

"తే తమ్మీ, సంతోషం. చెరువు కింది మడి గూడ నాకు గావాలె" అన్నాను.

అరుగు మీద బాపు చుట్ట ముట్టించుకోబోతూ ఆగాడు. వాడి ముఖం చూశాడు, నా ముఖం చూశాడు.

"నేనింకా బతికే ఉన్న బిడ్డా!" అన్నాడు.