మాటిచ్చిన మేడగది

వట్లూరులో మేం ఇల్లు కొన్నాక, అమ్మిన టీచరుగారు మొహమాటంగా చెప్పారు. "ముందే చెప్పాల్సిందండీ. కొల్లేటి ఊళ్ళ నుంచి ఇక్కడి ఆసుపత్రికి కాన్పుకొచ్చేవాళ్ళకి మేడగది రోజుల లెక్కన ఇస్తుంటాను. వచ్చే నెలకి ఒకమ్మాయికి మాటిచ్చేశాను."

నాకు చిరాకేసింది. గృహప్రవేశం కాకుండా ఇంట్లో పురుడేమిటని అమ్మ సణిగింది.

"వానలకి వాళ్ళ దారి మునిగిపోతుందటండీ. నొప్పులొస్తే ఎలా వస్తుంది? రానిద్దాం," అంది నా భార్య.

మండవల్లి వైపు నుంచి ఆ అమ్మాయి తల్లిని తోడు తెచ్చుకుని వచ్చింది. పది రోజులకు ఆసుపత్రిలో పాప పుట్టింది. ఇంటికి తెచ్చాక ఆ పాపకు రోజూ వెళ్ళి నీళ్ళు పోసింది మా అమ్మే. వాళ్ళుండగానే మేం పాలు పొంగించాం. మొదటి గ్లాసు అమ్మ మేడమీది బాలింతకు తీసుకెళ్ళింది.