వెనకడుగు బాబాయి రేవు నడక

రేవు గట్టు మీద అందరూ ఆయన్ని వెనకడుగు బాబాయి అంటారు. పిరికివాడని కాదు. లాంచీ మీంచి విసిరిన మోకును అందుకుని, నడుముకు బిగించి, లాంచీ వంకే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఇనుప గుంజకు చుట్టడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే నడిచాడు. వంతెన కట్టాక లాంచీలు మూలపడ్డాయి. అప్పుడు రేవు చూడవచ్చిన వాళ్ళను గడియారం మెట్ల నుంచి దీపస్తంభం దాకా నడిపిస్తూ కబుర్లు చెప్పే పనిలో కుదిరాడు. అక్కడా అదే నడక. ముఖం జనం వైపు, వీపు దారి వైపు.

నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళకు ఇలా దారి చూపేవాళ్ళు తగిలే ఉంటారు. కొందరు గొడుగెత్తి మందను తోలినట్టు తోలుతారు. కొందరు తారీఖులు గడగడా అప్పజెప్పి ఊపిరి పీల్చుకుంటారు. గోడ ఎన్ని అడుగుల ఎత్తో చెబుతారు గాని, దానికి చేరగిలబడి ఎవరు ఏడ్చారో చెప్పరు. బాబాయి దగ్గర తారీఖులు లేవు. ఎవరు ఎక్కడ జారిపడ్డారు, ఎవరు ఎవరికోసం ఏ మెట్టు మీద కూర్చున్నారు, అదే ఆయన చరిత్ర.

పోయిన నెల వీపుతో వెళ్ళి ఒక సైకిలాయన్ను గుద్దాడు. ఇద్దరికీ మోచేతులు దోక్కుపోయాయి. వారం తిరక్కుండా రేవు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: ఇకమీదట ముందుకు చూస్తూ నడవాలి, ఆఫీసరమ్మ ఒకసారి వెంట వచ్చి చూస్తారు, చేతకాకపోతే గడియారం గదిలో కూర్చుని టికెట్లు చించాలి.

"మంచిదేగా, నీడపట్టున ఉంటావు," అంది భార్య, ఆఫీసరమ్మ వచ్చే రోజు పొద్దున ఆయన చొక్కాకు గుండీ కుడుతూ.

"నేను కూర్చుంటే నా నోరూ కూర్చుంటుందే."

"అంత అదృష్టమా నాకు!"

ఆ రోజు ఆఫీసరమ్మతో కలిపి పదిమంది వచ్చారు. బాబాయి బుద్ధిగా ముందుకు తిరిగాడు. ఇన్నేళ్ళూ ప్రతి కట్టడం ఆయనను దాటుకుని వెళ్ళాకే కంటబడేది. ప్రతిదానికీ దీపస్తంభం వైపున్న అవతలి ముఖమే ఆయనకు చుట్టం. ఇప్పుడు ఎదురొస్తున్నవన్నీ కొత్తవాళ్ళలా ఉన్నాయి. ఒక పెద్ద తలుపు ముందు ఆగి, కస్టమ్స్ గోదాములో దొంగ బంగారం పట్టుబడ్డ సంగతి ఎత్తుకున్నాడు.

"బోర్డు మీద ఐసు ఫ్యాక్టరీ అని ఉందండీ," అన్నాడు గుంపులోని రిటైరైన మాస్టారు. "బంగారం కరిగిపోకుండా ఇక్కడ పెట్టారా?"

అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు గాని ఆ కథ అక్కడే ఆపేశాడు. సగం కథలు మింగేసి దీపస్తంభం చేరాడు. ఆఫీసరమ్మ ఏదో రాసుకుని పుస్తకం మూసింది.

"పెద్దవారు, ఏమీ అనుకోకండి. టికెట్ల గదిలో ఫ్యాను కూడా ఉంది."

"అలాగేనమ్మా."

బస్సు గడియారం దగ్గరే ఉంది, కాబట్టి అందరూ వచ్చిన దారినే తిరుగుముఖం పట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని గుంపులో ఒకడిగా నడుస్తున్న బాబాయి, ఐసు ఫ్యాక్టరీ దగ్గర టక్కున ఆగాడు. పగిలిన మూల, కిటికీ కింద తడి మరక. తను ఎరిగిన ముఖం ఇదే!

"ఇదిగో, ఈ గోడే!" అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఎండాకాలం మధ్యాహ్నం మోకులవాళ్ళం చొక్కాలు విప్పి వీపులు దీనికి ఆనించేవాళ్ళం. ఓ రోజు ఫ్యాక్టరీ గుమాస్తా కర్ర పట్టుకుని తరమడానికి వచ్చాడు. గోడ తగిలిందో లేదో, కర్ర పక్కన పెట్టి ఆయనా చేరగిలబడ్డాడు."

మాస్టారు వెళ్ళి గోడకు వీపు ఆనించి చూశాడు. అక్కణ్ణుంచి ఇక ఆపేదెవరు? గోదాము, పడవల షెడ్డు, విరిగిన బెంచీ, అన్నీ వరసగా ఎదురొచ్చి పలకరించాయి. చివరికి గడియారం మెట్లు. ఎప్పుడూ మొదట చెప్పే కథ అది. జనం చెప్పుల పట్టీలు బిగించుకుంటూ వినీ వినకుండా వదిలేసే కథ. ఈసారి ఆఖర్న మిగిలింది.

"నా మొదటి రోజు. మోకు లాగుతూ వెనక్కి వచ్చి టికెట్ల అమ్మాయిని గుద్దేశాను. ఆమె చేతిలో కట్టలన్నీ నీళ్ళపాలు. ఇద్దరం జల్లెడతో ఏరి ఈ మెట్ల మీద ఎండేశాం. నెల్లాళ్ళు జనమంతా అప్పడాల్లాంటి టికెట్లతోనే ప్రయాణం!"

"ఆ అమ్మాయేమంది?" అడిగింది ఆఫీసరమ్మ.

"వీపుకు కళ్ళు పెట్టించుకోవయ్యా అంది. పొద్దున గుండీ కుడుతూ కూడా అంది."

ఆఫీసరమ్మ పుస్తకం తెరిచి, రాసింది కొట్టేసింది. "రేపట్నుంచి దీపస్తంభం దగ్గర మొదలుపెట్టి ఇక్కడికి తీసుకురండి బాబాయిగారూ. కానీ ముందుకే చూడాలి!"

"ముందుకేనమ్మా!"

బస్సు కదిలింది. చెయ్యి ఊపుతూ, దాని వంకే చూస్తూ, బాబాయి నాలుగడుగులు వెనక్కి వేశాడు. మడమకు పాత గుంజ తగిలింది. చూడకుండానే దాని మీద కూర్చున్నాడు.